పటాలాన్ని పడగొట్టే పిడుదు

ఈ నెల గోడపత్రికలో సైన్సు చార్టు నా వంతుకు వచ్చింది. జీవశాస్త్రం సారు "నీకు బాగా తెలిసిన విషయం వ్రాయరా, పుస్తకంలో ఉన్నది దించొద్దు" అన్నారు. నాకు బాగా తెలిసింది ఒక్కటే ఉంది. పోయిన జూన్‌లో నాకు వచ్చిన జ్వరం. కాని వాడి జ్వరం సంగతి మనకెందుకులే అని మీరు చార్టు ముందు నుంచి మెస్సుకు వెళ్ళిపోతారు. అందుకని సిపాయిల జ్వరంతో మొదలుపెడుతున్నాను. నా జ్వరం దాని వెనకాలే వస్తుంది. రెండింటికీ చుట్టరికం కలదు. చెప్పవలసింది ఎక్కువ ఉండడంచేత మూడు చార్టులు అయినవి. చిన్నతరగతి తమ్ముళ్ళ కోసం మూడోది కిందికి అంటించాను.

మన స్కూల్లోనే పది చదివి సైన్యంలో చేరిన అన్న ఒకరు సంక్రాంతి సెలవుకు వచ్చినప్పుడు ప్రార్థన దగ్గర మాట్లాడారు, గుర్తుందా? మనం తుపాకీ గురించి అడిగాం, మంచు గురించి అడిగాం. తమ్ముడొకడు లేచి "అన్నా, మీకు అక్కడ అన్నిటికంటే దేనికి భయం?" అన్నాడు. శత్రువుకి అంటారనుకున్నాం. ఆయన నవ్వి "పురుగులకి" అన్నారు. అడవిలో తిరిగి సాయంత్రం క్యాంపుకు రాగానే జోడీలుగా నిలబడి ఒకరి వీపు ఒకరు, చెవుల వెనక, చంకల్లో చూసుకుంటారంట. అందరం గొల్లున నవ్వాం. నేనూ నవ్వాను గాని సగమే నవ్వాను. ఎందుకో తర్వాత చెప్తాను.

ఆ పురుగుల్లో ముఖ్యమైనది పిడుదు. మన ఊళ్ళలో కొందరు పిడుదు అంటారు, కొందరు గోమారి అంటారు. ఆవు చెవిలో, కుక్క మెడ కింద వేలాడుతూ ఉంటుంది. రక్తం తాగిన పిడుదు అచ్చం ఆముదం గింజలాగా ఉంటుంది. ఇది నేనొక్కడినే అంటున్న మాట కాదు. ఆముదం మొక్కకు శాస్త్రవేత్తలు పెట్టిన పేరు రిసినస్ కమ్యూనిస్. లాటిన్ భాషలో రిసినస్ అంటే పిడుదు అనే అర్థం. ఆ దేశాల వాళ్ళకి కూడా ఆముదం గింజను చూస్తే పిడుదే గుర్తొచ్చింది చూడండి.

పిడుదు కీటకం కాదు. కీటకాలకు ఆరు కాళ్ళు. పెరిగిన పిడుదుకు ఎనిమిది. అందుచేత అది సాలీడుకు, తేలుకు చుట్టం. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు మాత్రం ఆరే కాళ్ళుంటాయి, అందుకే చాలామంది పొరబడతారు. దానికి రెక్కలు లేవు, ఎగరలేదు, మిడతలాగా దూకనూ లేదు. మరి మన మీదికి ఎట్లా వస్తుంది? గడ్డిపోచ కొసకు ఎక్కి, వెనక కాళ్ళతో పోచను పట్టుకొని, ముందు కాళ్ళు రెండూ చాపుకొని కూర్చుంటుంది. ఆ ముందు కాళ్ళలోనే వాసన పట్టే భాగం ఉంది. మనం వదిలిన ఊపిరి, మన ఒంటి వేడి, మన చెమట వాసన దానికి తెలిసిపోతాయి. కాలు తగలగానే బట్టను పట్టుకుంటుంది. తర్వాత మెల్లగా పైకి పాకి, బట్ట బిగుతుగా ఉన్నచోట, చర్మం మెత్తగా ఉన్నచోట కూర్చుంటుంది. నడుము, గజ్జలు, చంక, మోకాలి వెనక, చెవి వెనక, జుట్టులో. కుడితే నొప్పి తెలియదు. దాని ఉమ్మిలోనే మంట తెలియకుండా చేసే గుణం ఉంది. రోజుల తరబడి అక్కడే ఉంటుంది.

రక్తం తాగితే తాగింది, ఎంత తాగుతుంది గనక అంటారా? దాని ఉమ్మితోపాటు బాక్టీరియా మన ఒంట్లోకి దిగుతుంది. ప్రమాదం అందులో ఉంది. అన్ని పిడుదుల్లోనూ బాక్టీరియా ఉండదు. కాని ఏ పిడుదులో ఉందో కంటితో చూసి చెప్పలేం.

ఈ సంగతి మొదట ఎట్లా తెలిసిందంటే, అమెరికాలో మోంటానా అనే రాష్ట్రంలో బిట్టర్‌రూట్ లోయ ఉంది. అక్కడ వసంతకాలంలో ఒళ్ళంతా మచ్చలతో జ్వరం వచ్చి జనం చనిపోయేవారు. హోవర్డ్ రికెట్స్ అనే డాక్టరు 1906లో గినీపందుల మీద పరీక్షలు చేసి, ఆ జ్వరాన్ని మోసుకొచ్చేది పిడుదేనని రుజువు చేశాడు. నాలుగేళ్ళ తర్వాత 1910లో మెక్సికోలో టైఫస్ జ్వరాన్ని పరిశోధిస్తూ ఆ జ్వరంతోనే ఆయన చనిపోయాడు. ఆయన పేరు మీదనే ఈ జాతి బాక్టీరియాలను రికెట్సియా అంటున్నారు. పుస్తకంలో రికెట్సియా అనే మాట కనపడితే అదొక మనిషి పేరని గుర్తుంచుకోండి.

ఇప్పుడు సైన్యం సంగతి. పిడుదుకు సిపాయి అంటే పండగే. మనం అడవిలో బాట మీద నడుస్తాం. సిపాయి బాట వదిలి పొదల్లోంచి నడుస్తాడు. గడ్డిలో బోర్లా పడుకొని గంటలకొద్దీ కదలకుండా ఉంటాడు, మోచేతుల మీద పాకుతాడు, నేల మీదే నిద్రపోతాడు. రెండు మూడు రోజులు స్నానం ఉండదు, బట్టలు మార్చడం ఉండదు. పైగా ఎక్కడెక్కడి వాళ్ళో ఒకేచోటికి వస్తారు. ఆ ప్రాంతం పురుగు వాళ్ళ ఒంటికి కొత్త. ఇంకొకటి, ఊళ్ళో అయితే ఈ నెల ఒకరికి, వచ్చే నెల ఒకరికి జ్వరం వస్తుంది. పటాలంలో అందరూ ఒకే గడ్డిలో ఒకేరోజు పడుకుంటారు గనక పదిమంది ఒకే వారంలో పడిపోవచ్చు. తుపాకీ గుండు తగలకుండానే మంచం ఎక్కుతారన్నమాట. 1992లో ఆఫ్రికాలో బోట్స్‌వానా దేశానికి శిక్షణ కోసం వెళ్ళిన అమెరికా సైనికులకు ఇట్లాగే అయింది. రికెట్సియా జాతి జ్వరం చాలామందికి ఒకేసారి వచ్చింది. ఆ జ్వరంలో కుట్టినచోట నల్లని పక్కు కడుతుంది. కొందరి ఒంటి మీద ఒకటికి మించి పక్కులు ఉంటాయి, ఎందుకంటే అక్కడి పిడుదులు ఒంటరిగా కాక గుంపుగా మీదపడతాయి.

సిపాయిల కంటే ముందు సిపాయి కుక్కలు పడిపోయాయి. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం కాపలాకు, వాసన పట్టడానికి జర్మన్ షెపర్డ్ కుక్కలను తీసుకువెళ్ళింది. 1960ల చివర్లో వాటికి జ్వరం వచ్చి, ముక్కుల్లోంచి రక్తం కారి, వందకు పైగా చనిపోయాయి. కారణం ఎర్లికియా కానిస్ అనే బాక్టీరియా. దాన్ని మోసేది కుక్క పిడుదు. ఆ బాక్టీరియాను అంతకుముందే 1935లో అల్జీరియాలో కుక్కల్లో కనిపెట్టారు. పాల్ ఎర్లిక్ అనే జర్మన్ శాస్త్రవేత్త పేరు దానికి పెట్టారు. ఇది కుక్కల జబ్బు, అమెరికాలో మనుషులకు రాదు అనే అక్కడివాళ్ళు చాలాకాలం అనుకున్నారు.

1986లో అమెరికాలో ఒకతను తీవ్రమైన జ్వరంతో ఆస్పత్రిలో చేరాడు. అతన్ని ఆర్కాన్సా రాష్ట్రంలో పిడుదులు కుట్టాయి. అతని రక్తం చుక్కను సూక్ష్మదర్శినిలో చూస్తే తెల్ల కణాల లోపల ఏవో గుత్తులు కనపడ్డాయి, మల్బరీ పండులాగా. తెల్ల కణాలంటే మన ఒంటికి కాపలా కాసేవి కదా. ఈ బాక్టీరియా సరిగ్గా ఆ కణాల లోపలే కాపురం పెడుతుంది. కాపలావాడి గదిలోనే దొంగ పడుకున్నట్టు. కుక్కల జబ్బే మనిషికి వచ్చిందేమో అనుకున్నారు మొదట.

ఆ సందేహం తీరింది ఒక సిపాయి వల్ల. అదే ఆర్కాన్సాలో ఫోర్ట్ చాఫీ అనే సైనిక శిక్షణ కేంద్రం ఉంది. 1941లో కట్టారు. చుట్టూ అడవి, గడ్డి, లేళ్ళు. లోన్ స్టార్ అనే పిడుదు అక్కడ విపరీతం. ఆడపిడుదు వీపు మీద ఒక్క తెల్లచుక్క ఉంటుంది, ఒంటరి నక్షత్రంలాగా. అందుకే ఆ పేరు. మిగతా పిడుదుల్లాగా గడ్డి కొసన ఓపికగా కూర్చోవడమే కాదు, మనిషి వాసన పడితే నేల మీద పరుగెత్తి వస్తుంది కూడా. అక్కడ శిక్షణ పొంది జ్వరపడిన సైనికుడి రక్తం తీసుకొని, ప్రయోగశాలలో కుక్క కణాలలో పెంచితే బాక్టీరియా పెరిగింది. అది కుక్కల్లో ఉండేది కాదు, దానికి దగ్గరి చుట్టమైన కొత్త జాతి అని తేలింది. 1991లో దానికి ఎర్లికియా చాఫీన్సిస్ అని పేరు పెట్టారు. ఫోర్ట్ చాఫీ పేరు మీద.

ఇక్కడ నాకొక సంగతి తమాషాగా అనిపించింది. చాఫీ అనేది ఒక సేనాని పేరు. గుర్రాల కాలం అయిపోయింది, ఇక యుద్ధంలో ట్యాంకులే కావాలని వాదించిన మనిషి. ఆయన పేరు శిక్షణ కేంద్రానికి పెట్టారు, కేంద్రం పేరు సూక్ష్మజీవికి వచ్చింది. ట్యాంకుల సేనాని పేరు చివరకు కంటికి కనపడని దానికి మిగిలింది.

ఆ జబ్బు ఎట్లా ఉంటుందంటే, పిడుదు కుట్టిన వారం రెండు వారాలకు చలిజ్వరం, విపరీతమైన తలనొప్పి, ఒళ్ళు నొప్పులు. రక్తంలో తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు తగ్గిపోతాయి. పెద్దవాళ్ళకంటే పిల్లలకు ఒంటి మీద మచ్చలు ఎక్కువగా వస్తాయి. సైనికులను పరీక్షించి చూస్తే, బాక్టీరియా ఒంట్లోకి వచ్చి వెళ్ళిన గుర్తులు రక్తంలో ఉన్నా జబ్బు పడనివాళ్ళే ఎక్కువమంది. కాని పడినవాళ్ళలో ఆలస్యం అయితే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతింటాయి, ప్రాణం పోయినవాళ్ళూ ఉన్నారు. లోన్ స్టార్ పిడుదు మన దేశంలో లేదు, అది ఉత్తర అమెరికాలోనే ఉంటుంది. అయినా దాని గురించి ఇంత ఎందుకు వ్రాశానో ఇప్పుడు చెప్తాను. ఈ ముక్క కోసమే చార్టు వ్రాశాను.

అక్కడ శిక్షణకు వచ్చేవాళ్ళలో చాలామంది పూర్తికాలం సైనికులు కారు. మామూలు రోజుల్లో వాళ్ళొక గుమాస్తానో, మేస్త్రీనో, టీచరో. ఏడాదికి ఓ రెండు వారాలు పిలిచి శిక్షణ ఇచ్చి పంపేస్తారు. ఇప్పుడు లెక్క వేయండి. పిడుదు కుట్టింది శిక్షణ చివరి రోజుల్లో. జ్వరం వచ్చేది వారం పది రోజుల తర్వాత. అప్పటికి సిపాయి ఎక్కడుంటాడు? శిక్షణ అయిపోయి, వందల మైళ్ళ దూరంలో తన ఇంట్లో ఉంటాడు. ఒంటి మీద పిడుదు లేదు, రాలిపోయింది. చుట్టూ అడవి లేదు. వాళ్ళ ఊరి డాక్టరుకు అతను గడ్డిలో పడుకున్న సంగతి తెలియదు. ఫ్లూ జ్వరం అనుకుంటాడు. డాక్టరు "ఎక్కడికి వెళ్ళొచ్చావు?" అని అడగాలి, లేదా రోగి తనంతట తాను చెప్పాలి. రెండూ జరగకపోతే జబ్బు దొరకదు. రక్తపరీక్ష ఉంది కదా అంటారేమో. మామూలుగా చేసే పరీక్ష రక్తంలోని ప్రతిరక్షకాలను చూస్తుంది. మొదటి వారంలో అవి ఇంకా తయారుకావు. జబ్బు ఉన్నా పరీక్ష లేదనే చెప్తుంది.

జబ్బు ఒకచోట అంటుకుని ఇంకోచోట బయటపడుతుంది. మన హాస్టలు పిల్లల సంగతి కూడా సరిగ్గా ఇదే కాదా?

పోయిన వేసవి సెలవుల్లో నేను ఇంట్లో కూర్చోలేదు. తెల్లవారుజామున అమ్మానాన్నతో తునికాకుకు వెళ్ళాను. సాయంత్రం మా ఆవులను తోలాను. బడి తెరవగానే ట్రంకు పెట్టె పట్టుకొని హాస్టలుకు వచ్చాను. వచ్చిన ఆరో రోజున జ్వరం. కళ్ళ వెనక ఎవరో మేకు కొడుతున్నట్టు తలనొప్పి. వార్డెన్ సారు వెంటనే పంపించారు, మలేరియా పరీక్ష చేశారు. లేదని వచ్చింది. జ్వరం బిళ్ళలు వేసుకుంటే రెండు గంటలు తగ్గేది, మళ్ళీ వచ్చేది. ఇంకోసారి మలేరియా పరీక్ష చేశారు. మళ్ళీ లేదు. అయిదో రోజున పెద్దాస్పత్రికి తీసుకెళ్ళారు.

అక్కడ డాక్టరమ్మ "సెలవుల్లో ఏం పని చేశావురా?" అని అడిగింది. నేను "ఇంట్లో చదువుకున్నానమ్మా" అన్నాను.

అబద్ధం ఎందుకు చెప్పానంటే, ఆరో తరగతిలో ఉన్నప్పుడు నా చొక్కా కాలర్ మీద పిడుదు పాకుతుంటే క్లాసంతా చూశారు. ఏడాదిపాటు నన్ను గోమారి అని పిలిచారు. ఎవరెవరు పిలిచారో ఇక్కడ వ్రాయను, వాళ్ళకు తెలుసు. ఆస్పత్రిలో మంచం పక్కన మన క్లాసు వాళ్ళిద్దరు తోడుగా నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందు ఆవులు, పిడుదులు అని చెప్పబుద్ధి కాలేదు. అంతే. ఇంత చిన్న సంగతి కోసం నేను చావుదాకా వెళ్ళేవాణ్ణి.

ఆమె నా మాట నమ్మలేదు. నా పిక్కల మీద ముళ్ళ గీతలు చూసింది. తోడొచ్చిన వాళ్ళను బయటికి పంపి, చొక్కా విప్పించి, చంకలు చూసి, మెడ చూసి, చివరకు మొలతాడు పైకి జరిపింది. దాని కింద బీడీతో కాల్చినట్టు నల్లని పక్కు, చుట్టూ ఎర్రగా. నొప్పి లేదు, దురద లేదు. మొలతాడు ఒరుసుకుపోయిందని అనుకొని నేను ఎవరికీ చూపించలేదు. "ఇది పిడుదు జ్వరం అయినా కావచ్చు, స్క్రబ్ టైఫస్ అయినా కావచ్చు. రెండింటికీ మందు ఒకటే. రిపోర్టు వచ్చేదాకా నేను ఆగను" అంది. డాక్సీసైక్లిన్ అనే మందు మొదలుపెట్టారు. రెండో రోజు సాయంత్రానికి చెమట పట్టి జ్వరం దిగిపోయింది. మూడో రోజు ఇడ్లీ అడిగాను.

స్క్రబ్ టైఫస్ అంటే ఏమిటో రెండు ముక్కలు. అది పిడుదు వల్ల వచ్చేది కాదు. పిడుదు జాతికి చుట్టమైన, కంటికి సరిగా ఆనని ఒక చిన్న పురుగు పిల్ల కుడితే వస్తుంది. పొదల్లో, గడ్డిలో, ఎలుకలు తిరిగేచోట ఉంటుంది. బాక్టీరియా వేరు, కాని పక్కు అదే, జ్వరం అదే, ఆలస్యం చేస్తే ప్రమాదమూ అదే. రెండో ప్రపంచయుద్ధంలో బర్మా, అస్సాం వైపు పోరాడిన సైనికులు చాలామంది దీనితో పడిపోయారు. అప్పటికి దీనికి మందు లేదు. సేవ చేయడం, దేవుడికి మొక్కుకోవడం, అంతే. యుద్ధం అయిపోయాక 1948లో మలయాలో క్లోరాంఫెనికాల్ అనే మందు ఇచ్చి చూస్తే తగ్గింది. మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఈ స్క్రబ్ టైఫస్ ఉంది. పిడుదు వల్ల వచ్చే మచ్చల జ్వరం కూడా మన దేశంలో ఉంది, దాన్ని ఇండియన్ టిక్ టైఫస్ అంటారు. కుక్క పిడుదు దాన్ని మోస్తుంది. మెస్సు వెనక మనం అన్నం పెట్టే కుక్క ఉంది కదా, దాన్ని కొట్టి తరమమని నేను అనడం లేదు. దాని మెడ కింద ఓసారి చూడండి అంటున్నాను, అంతే. పశువుల డాక్టరు దగ్గర దానికి మందు ఉంటుంది.

డాక్సీసైక్లిన్ గురించి చదివితే నాకు మన తెలుగాయన ఒకరు కనపడ్డారు. ఆ మందు టెట్రాసైక్లిన్ అనే కుటుంబంలోది. ఆ కుటుంబంలో మొదట పుట్టినది ఆరియోమైసిన్. అమెరికాలో లెడర్లీ కంపెనీలో బెంజమిన్ డగ్గర్ అనే ముసలి శాస్త్రవేత్త దాన్ని కనిపెట్టాడు. అప్పటికి ఆయనకు 70 దాటాయి. ఆ పరిశోధనలకు అధిపతిగా ఉన్నవారు యల్లాప్రగడ సుబ్బారావు గారు, 1895లో భీమవరంలో పుట్టినవారు. రకరకాల చోట్ల నుంచి మట్టి తెప్పించి అందులోని సూక్ష్మజీవులను పరీక్షించేవారు. ఆరియోమైసిన్ దొరికిన మట్టి మిస్సోరీ రాష్ట్రంలోని ఒక పొలంలోది. మ్యాపులో చూడండి, ఫోర్ట్ చాఫీ ఉన్న ఆర్కాన్సా పక్క రాష్ట్రమే మిస్సోరీ! 1948లో ఆ మందు వాడకంలోకి వచ్చింది. పిడుదు మోసే మచ్చల జ్వరానికి కూడా అది పనిచేసింది. ఆ ఏడాదే సుబ్బారావు గారు చనిపోయారు. డాక్సీసైక్లిన్ తర్వాత 1967లో వచ్చింది. నా జ్వరం దించిన బిళ్ళకు ఆరియోమైసిన్ పెద్దక్క అవుతుందన్నమాట.

పెన్సిలిన్ జాతి మందులు ఈ జ్వరాల మీద పనిచేయవు. అందుకే ఏదో ఒక సూది వేయించుకుంటే సరిపోదు. అట్లాగని డాక్సీసైక్లిన్ పేరు తెలిసింది కదా అని మెడికల్ షాపులో కొనుక్కొని మింగొద్దు. ఏది ఎంత, ఎన్ని రోజులు అన్నది డాక్టరు చెప్పాలి. చిన్నపిల్లలకు ఇస్తే పళ్ళు పచ్చబడతాయని పూర్వం భయపడేవారు. ఈ జ్వరాల్లో కొద్దిరోజులు వాడినంత మాత్రాన అట్లా కాదని ఇప్పుడు తెలిసింది. కాబట్టి మూడో తరగతి తమ్ముళ్ళకైనా అవసరమైతే డాక్టర్లు ఇస్తారు.

నేను జ్వరంతో ఉన్నప్పుడు నా పక్క మంచాల వాళ్ళు మంచాలు దూరంగా జరుపుకున్నారు. నేనేమీ అనలేదు. కాని ఈ జ్వరం మనిషి నుంచి మనిషికి అంటుకోదు. పళ్ళెం కలిసినా, దుప్పటి కలిసినా రాదు. పురుగు కుడితేనే వస్తుంది.

సైన్యాలు ఏం చేస్తున్నాయో చూస్తే మనం చేయగలిగినవీ ఉన్నాయి. అమెరికా సైన్యం 1946లో డీట్ అనే మందు తయారుచేయించింది, చర్మానికి రాసుకుంటే పురుగు దగ్గరికి రాదు. 1957 నుంచి అది మామూలు జనానికి కూడా వచ్చింది. ఇక సైనికుల బట్టలకు పెర్మెత్రిన్ అనే మందు పట్టిస్తారు. చామంతి జాతి పువ్వులో ఉండే విషాన్ని చూసి మనుషులు తయారుచేసిన మందు అది. ఎన్నో ఉతుకుల దాకా పోదు. పిడుదు ఆ బట్ట మీద పాకితే కాళ్ళు పట్టు తప్పి రాలిపోతుంది. మన ఊళ్ళలో సర్కారు వాళ్ళు పంచే మందు దోమతెరలు ఉన్నాయి కదా, వాటిలో ఉండేదీ ఆ కుటుంబం మందే. (మా ఊళ్ళో కొందరు ఆ తెరలతో చేపలు పడుతున్నారు, అది వేరే చార్టులో వ్రాస్తాను.) ప్యాంటు కొసలు బూటులోకి దోపుకోవడం కూడా సిపాయి సోకు కోసం కాదు. పిడుదు కింద నుంచి పైకే పాకుతుంది గనక అది బట్ట బయటే ఉండిపోతుంది, కనపడుతుంది.

మనకు డీట్ లేదు, పెర్మెత్రిన్ చొక్కా లేదు. జోడీ మాత్రం ఉంది. సెలవుల నుంచి వచ్చిన రోజున, కట్టెలకో కాయలకో అడవి వైపు వెళ్ళొచ్చిన ఆదివారం నాడు, స్నానం దగ్గర ఒకరి వీపు ఒకరు చూడవచ్చు. మొలతాడు కింద ఎవరిది వాళ్ళు చూసుకోవచ్చు. పొద్దున్నే సైన్యం సెలెక్షన్ కోసం గ్రౌండు చుట్టూ పరుగెత్తుతున్న అన్నలు ఇప్పటి నుంచే అలవాటు చేసుకుంటే వాళ్ళకే మంచిది, అక్కడికి వెళ్ళాక ఎట్లాగూ చేయిస్తారు.

పిడుదు అతుక్కొని కనపడితే ఏం చేయాలి? మా తాత బీడీ అంటించి కాల్చేవాడు. మా పిన్ని కిరసనాయిలు పోసేది. రెండూ తప్పే. కాలిస్తే, నూనె పోస్తే అది ఉక్కిరిబిక్కిరై ఇంకాస్త ఉమ్మి మన ఒంట్లోకే కక్కవచ్చు. గోళ్ళతో నలిపినా దాని లోపలిది మన వేళ్ళకు అంటుతుంది. ముల్లు తీసే శ్రావణంతో, పొట్ట దగ్గర కాదు, మూతి దగ్గర చర్మానికి ఆనించి పట్టుకొని, మెలి తిప్పకుండా తిన్నగా పైకి లాగాలి. మూతి ముక్క లోపల తెగిపోయినా కంగారుపడి తవ్వొద్దు. తర్వాత సబ్బుతో కడిగి, తేదీ వ్రాసి పెట్టుకోవాలి. నేను లెక్కల నోటు చివరి పేజీలో వ్రాస్తున్నాను. రెండు వారాల లోపల జ్వరం వస్తే ఆ పేజీ డాక్టరుకు చూపిస్తాను. ఎంత తొందరగా తీస్తే అంత మంచిది, ఎందుకంటే అది ఎంతసేపు ఉంటే అంత ఉమ్మి దిగుతుంది.

వార్డెన్ సారు గారికి ఒక విన్నపం. సెలవుల తర్వాత ఎవరికి జ్వరం వచ్చినా ఆస్పత్రి చీటీ మీద "ఫలానా తేదీన ఊరి నుంచి వచ్చాడు, అడవిలో పని చేశాడు" అని ఒక్క లైను వ్రాసి పంపితే బాగుంటుంది. నాలాంటివాడు నోరు విప్పకపోయినా చీటీ చెప్తుంది. ఈ మాట సారుతో నోటితో కూడా చెప్పాను. ఆయన ఒప్పుకున్నారు. పోయిన శనివారం సంతకు వెళ్ళినప్పుడు రెండు శ్రావణాలు కూడా కొనుక్కొచ్చారు. ఒకటి ఆయన గదిలో దూది డబ్బా పక్కన ఉంది. రెండోది ఆరో తరగతి డార్మెటరీలో గోడకు మేకు కొట్టి దారంతో వేలాడదీశాం. దారం తెంపవద్దు.